రెండో పిలుపుకు లేచినాయన

పుంటికూర ఆకు తెంపి చాటలో వేస్తూ ఎమ్మెల్యే గారి ప్రకటన చెబుతోంది అంబిక. ఎమ్మెల్యే గారు పక్కనే పీట మీద కూర్చుని రాసుకుంటున్నాడు.

"'రైతుల కష్టం నాకు తెలుసు' అని మొదలుపెట్టకండి. అందరూ గట్లనే మొదలుపెడ్తరు. 'మా నాయిన బోరు ఎండిపోయిన ఏడు' అని ఎత్తుకోండి."

"మా నాయిన బోరు ఎప్పుడు ఎండింది?"

"పెండ్లయిన కొత్తల మీరే చెప్పిన్రు. మర్చిపోయిన్రా?"

ఎమ్మెల్యే రాఘవేందర్‌కు అప్పుడు గుర్తొచ్చింది. నిజమే, ఎండింది. రాసుకున్నాడు.

రాష్ట్రంలో తక్కిన శాసనసభ్యుల ప్రకటనలు ఎక్కడ తయారవుతాయో గానీ, ఈయనవి మాత్రం చిక్కడపల్లిలో ఒక కిరాయి ఇంటి వంటింట్లో, ఏ కూర తెంపితే ఆ కూర పక్కన తయారయ్యేవి. ఆమె చెప్పాలి, ఆయన రాసుకోవాలి. ఆమె చేత ఒక్క ముక్క కూడా రాయించేవాడు కాదు, అదొక పట్టింపు. తన చేతిరాతలో ఉంటే మాట తనదే అనిపిస్తుందట. కాయితం మడిచి జేబులో పెట్టుకునేసరికి నిజంగానే ఆయనది అయిపోయేది. సాయంత్రం టీవీలో అదే మాట చెప్పి ఇంటికొచ్చి, "ఎంత మంచిగ మాట్లాడిన, చూసినవా?" అని ఆమెనే అడిగేవాడు. "చూసిన, మస్తుగుంది" అనేది అంబిక. అది అబద్ధమేమీ కాదు. ఆయన గొంతులో ఆ మాట నిండుగా వినిపించేది. ఒకప్పుడు ఆ గొంతు వినే మనసు పడింది మరి.

అంబిక పుట్టి పెరిగింది నారాయణగూడలో. పెళ్లికి ముందూ, పెళ్లయిన కొత్తలోనూ అశోక్ నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో పాలిటీ చెప్పేది. పల్లెల నుంచి వచ్చి హాస్టళ్లలో ఇరుకిరుగ్గా ఉండే పిల్లలు, గ్రూప్స్ పరీక్షల కోసం రాత్రింబవళ్లు చదివే పిల్లలు, ఆమె క్లాసంటే ముందు బెంచీల కోసం పోట్లాడుకునేవాళ్లు. రెండు వేల తొమ్మిదిలో రాఘవేందర్ గెలిచాడు. గెలిచిన వారానికే అత్తగారు అనసూయమ్మ, "ఎమ్మెల్యే పెండ్లాం పోయి సుద్దముక్క పట్టుకుంటదా? ఇజ్జత్ పోతది," అంది. "ఒక్క ఏడాది ఆగు, తర్వాత చూద్దాం," అన్నాడు రాఘవేందర్. అంబిక ఏమీ అనలేదు. ఏమీ అనకపోతే ఒప్పుకున్నట్టేనని ఆ ఇంటి లెక్క. సభలో మూజువాణి ఓటు గురించి క్లాసులో చెప్పింది గుర్తొచ్చి ఆ రోజు నవ్వుకుంది కూడా. గట్టిగా అరిచినవాళ్ల మాట నెగ్గిపోతుంది, నోరు విప్పనివాళ్లు ఎటువైపని అడిగే నాథుడుండడు. ఆ ఏడాది వెళ్లిపోయింది, దాని వెనక ఇంకో రెండేళ్లూ వెళ్లిపోయాయి. వంటింట్లో పొయ్యి మీద టీ గిన్నె దిగిందే లేదు. నియోజకవర్గం నుంచి వచ్చేవాళ్లు, పనుల కోసం కూర్చునేవాళ్లు, ఊరికే కూర్చునేవాళ్లు. ఒకసారి ఎవరో టీవీవాళ్లు వచ్చి మీ శ్రీమతి మీకు సలహాలిస్తారా అని అడిగితే రాఘవేందర్ పెద్దగా నవ్వి, "ఆమెకు రాజకీయాలు పట్టవండి. ఆమె లోకం ఆమెది," అన్నాడు. ఆ టీవీవాళ్లకు అప్పుడు టీ కప్పులు అందిస్తున్నది అంబికే. ఆయన ప్రకటనలన్నింటిలో ఆమె చెప్పి రాయించనిది అదొక్కటే.

పోనీ, చెడ్డవాడా అంటే కాదు. ఆమెకు తలనొప్పి వస్తే గదిలో లైటు తీసేసి చప్పుడు చేయకుండా నడిచేవాడు. చిక్కడపల్లి మార్కెట్ ముందు నుంచి వస్తే మల్లెపూలు తేకుండా వచ్చేవాడు కాదు. అందుకే అంబికకు కోపం కూడా సరిగ్గా వచ్చేది కాదు. వచ్చినట్టే వచ్చి, ఆ పూలు చూడగానే దారి తప్పేది.

రెండు వేల పన్నెండులో ఇళ్లలో పనిచేసే ఆడవాళ్ల కోసం సభలో ఒక బిల్లు పెట్టారు. దానిమీద మాట్లాడే అవకాశం రాఘవేందర్‌కు వచ్చింది. సభకు ముందురోజు అంబిక చిక్కుడుకాయలు ఒలుస్తూ చెప్పింది. "ఆదివారం మనందరికీ సెలవు. ఆ సెలవు మన ఇంట్ల ఎవరి చేతుల మీద నడుస్తుందో ఒక్కసారి చూసుకోండి. వారంల ఏడు రోజులుంటే, ఒక్కటన్న తనది అని చెప్పుకునే హక్కు ఆమెకు లేదా?" చెబుతూ చెబుతూ ఆమె కాయ ఒలవడం ఆపేసింది. రాఘవేందర్ రాయడం ఆపి తలెత్తి చూశాడు. "మంచిగున్నది," అని మళ్లీ తల వంచుకున్నాడు.

సభలో ఆయన ఆ మాట అన్నప్పుడు బుగ్గమ్మ ఆ ఇంట్లోనే ఉంది. వాళ్లింట్లో అంట్లు తోమి ఇల్లు ఊడ్చేది ఆమే. పాలమూరు నుంచి బతకడానికి వచ్చి లోయర్ ట్యాంక్ బండ్ దగ్గర బస్తీలో ఉంటుంది. ఆమె ఊరు రాఘవేందర్ నియోజకవర్గంలోదే. ఎలక్షన్లప్పుడు మొగుడితో బస్సెక్కి వెళ్లి ఆయనకే ఓటేసి వచ్చింది. టీవీ ముందు చీపురు పట్టుకుని నిలబడి అంతా విని, కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "మా బతుకు సారుకెట్ల తెలిసిందమ్మ?" అంది. అంబిక స్టవ్ దగ్గరికి వెళ్లిపోయింది. సంతోషం లోపలి నుంచి పొంగుకొస్తుంటే ఎవరితోనూ చెప్పుకోలేకపోవడం ఎంత ఇబ్బందో ఆ రోజే తెలిసింది.

మర్నాడు వారానికో రోజు జీతంతో సెలవు ఉండాలని ప్రతిపక్షం ఒక సవరణ పెట్టింది. అధికార పార్టీ విప్ జారీ చేసింది. అందరూ దానికి వ్యతిరేకంగా ఓటేయాలి, కాదంటే సభ్యత్వం పోతుంది. రాఘవేందర్ అధికార పార్టీవాడు.

అత్తాకోడళ్లు టీవీ ముందు కూర్చున్నారు. ప్రతిపక్షం పట్టుబట్టడంతో తలలు లెక్కపెట్టే ఓటింగ్ మొదలైంది. ముందు అనుకూలంగా ఉన్నవాళ్లు లేచి నిలబడాలి, వరుసల వారీగా లెక్కపెడతారు. ఆ తర్వాత వ్యతిరేకంగా ఉన్నవాళ్లు. మొదటి పిలుపుకు ప్రతిపక్షంవాళ్లు లేచారు. రాఘవేందర్ కూర్చునే ఉన్నాడు. రెండో పిలుపు వచ్చింది. కెమెరా సరిగ్గా ఆయన మీదే ఆగింది. కండువా సర్దుకుని, ఎటూ చూడకుండా లేచాడు. అంబిక పొద్దున ఇస్త్రీ చేసి ఇచ్చిన తెల్లచొక్కా, మడత నలగలేదు.

"అగో, మావోడు లేసిండు!" అని చప్పట్లు కొట్టింది అనసూయమ్మ.

అంబికకు అన్నం సయించలేదు. విప్ సంగతి ఆమెకు తెలియక కాదు, ఫిరాయింపుల చట్టం ఎంతమంది పిల్లలకు చెప్పిందో. అయినా ఆ నోటితో అన్న మాట తనది, ఆ కాళ్లతో నిలబడ్డది ఆయన. రెండూ ఒక్క మనిషిలో ఎలా ఇముడుతున్నాయో ఆమెకు అంతు పట్టలేదు. ఇంటికొచ్చిన రాఘవేందర్ ఆ పూట, "చూసినవా?" అని అడగలేదు.

తెల్లారి టీ పెడుతుండగా గేటు దగ్గర ఆడవాళ్ల గొంతులు వినిపించాయి. బుగ్గమ్మ, ఆమె వెనక బస్తీ ఆడవాళ్లు. పనికి వచ్చే చీరలు కాదు, దాచుకున్న చీరలు కట్టుకొచ్చారు. బుగ్గమ్మ చేతిలో బంతిపూల దండ, కవరులో మడత విప్పని శాలువా.

"సవరణ ఓడిపాయెనంట గదమ్మ. పోతే పోనీ," అంది బుగ్గమ్మ వెలిగే మొహంతో. "ఛాయ్ బండి కాడి టీవీల చూసినం. బస్సుల మోతల ఒక్క ముక్క ఇనవడలే గని, సారు మా దిక్కు లేసి నిలవడ్డది మాత్రం కండ్లార చూసినం. అంతమంది లేసినంక గూడ ఎట్ల ఓడిపోయిందో ఏమో, ఆ లెక్కలు మాకేం తెలుస్తయి. సారుకు శాలువ కప్పి పోతం."

అంబిక వాళ్లను ముందుగదిలో కూర్చోబెట్టి వంటింట్లోకి వచ్చేసరికి రాఘవేందర్ అప్పటికే అక్కడున్నాడు. అంతా విన్నాడు.

"ఇంత సంబురంగ వచ్చిన్రు. వాళ్ల సంతోషం ఎందుకు చెడగొట్టాలె?" అన్నాడు మెల్లగా. "రెండు ముక్కలు చెప్పు అంబికా. అటూ ఇటూ కాకుండ. నీకొస్తది గద."

వస్తుంది. ఉద్యమం నడిచే ఆ రోజుల్లో విలేకరులు తెలంగాణ గురించి అడిగినప్పుడల్లా అటూ ఇటూ కాని వాక్యాలు ఎన్ని అల్లి ఇచ్చిందో ఆమెకే తెలియదు. 'మీ పోరాటంలో నా గొంతు ఎప్పటికీ ఉంటుంది' అంటే చాలు, ఓటు ప్రస్తావనే రాదు. ఆ వాక్యం అప్పటికే నాలుక చివర సిద్ధంగా ఉంది. అదే ఆమెను భయపెట్టింది. ఇంత తేలిగ్గా వస్తుందా అబద్ధం, టీలో చక్కెర వేసినంత తేలిగ్గా?

"నాకు విప్ ఉండె, నీకు తెల్వదా?" అన్నాడాయన. కళ్లలో నిజంగానే బాధ ఉంది.

"తెలుసు. ఓటు గురించి నేనేమన్న అన్ననా? కానీ ఆ శాలువ కప్పుకోమని ఏ విప్పూ చెప్పలే. ఇయ్యాల మీ మాట మీరే చెప్పండి."

ఆయన ముందుగదిలోకి వెళ్లాడు. అంబిక టీ గ్లాసులు పళ్లెంలో సర్దుకుని వెనకే వెళ్లి గుమ్మంలో ఆగింది. దండ పడింది. బుగ్గమ్మ శాలువా మడత విప్పింది. ఆయన ఏదో చెప్పబోయి, మాట దొరక్క, అలవాటు కొద్దీ కొంచెం తల వంచాడు. మునివేళ్ల మీద లేచిన బుగ్గమ్మ పగిలిన మడమలు కనిపించాయి అంబికకు.

పళ్లెం బల్ల మీద పెట్టేసింది. "బుగ్గమ్మా, ఆగు. సారు లేచింది, వద్దనేటోళ్లు లేవాలె అన్నప్పుడు. మీకు సెలవు వద్దన్నోళ్ల తోటి లేచిండ్రు."

అనసూయమ్మ నోరు తెరుచుకుని కొడుకు వైపు చూసింది. బుగ్గమ్మ కూడా ఆయన వైపే చూసింది, కాదంటాడేమోనన్న ఆశతో.

"అవును," అన్నాడు రాఘవేందర్.

ఎవరూ చెప్పి రాయించని మాట ఆయన నోట వినడం అంబికకు చాలా రోజుల తర్వాత అదే. ఆ ఒక్క మాటకే ఆయన మీద జాలీ ప్రేమా కలగలిసి వచ్చి ఆమె కళ్లు చెమర్చాయి.

"మరి మొన్న టీవీల జెప్పిన మాటలు, సారు? ఆదివారం ముచ్చట?" అంది బుగ్గమ్మ.

ఆయన మెడలోంచి దండ తీసి పక్కన పెట్టాడు. "అవి నావి కావు. మా అంబికవి. మొన్నటియే కాదు, అన్నీ ఆమెవే."

అందరి కళ్లూ గుమ్మం వైపు తిరిగాయి. బుగ్గమ్మ మొహం మళ్లీ వెలిగింది. శాలువాతో అటువైపు నడిచింది. అంబిక ఎదురొచ్చి ఆ రెండు చేతులూ పట్టుకుంది. బూడిదకూ సబ్బుకూ గరుకుదేలిన చేతులు.

"నాక్కూడా వద్దు. ఆ ఆదివారం మాట నేను చెప్పి రాయించిన్నాడు ఏ వారమో యాదికున్నదా?"

"ఎందుకుండదమ్మ? ఆదివారమే గద," అని నవ్వింది బుగ్గమ్మ. "నేను ఈడనే గిన్నెలు తోముతున్న."

"మరి చెప్పలేదేం?"

"ఏమని చెప్పాలె? నువ్వన్న ఏడ కూసున్నవు ఆ దినం? నువ్వూ కూరగాయలే ఒలిచినవు."

అంబికకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఇన్నేళ్లలో తన పనిని పనిగా చూసిన మనిషి ఈమె ఒక్కతే. చేతులు వదలకుండానే అంది.

"వచ్చే ఆదివారం నుంచి నువ్వు రావొద్దు. జీతం కోత లేదు. నాక్కూడా ఆదివారం సెలవే. అశోక్ నగర్‌ల క్లాసు చెప్పడానికి పోత. పాత సెంటరోళ్లు ఇప్పటికీ అడుగుతనే ఉన్నరు."

ఆ మాట అడిగినట్టు లేదు, చెప్పినట్టుంది. చెప్పాక అంబికకే ఆశ్చర్యమేసింది, తన గొంతు ఇంత నిండుగా ఉంటుందని.

బుగ్గమ్మ శాలువా మడత పెట్టి కవరులో వేసుకుంది. "ఉంచుత. ఎవరన్న మా దిక్కు లేసిన్నాడు తెస్త," అంది. కోపంగా అనలేదు. అనసూయమ్మకు దండం పెట్టి, టీ తాగి, ఆడవాళ్లంతా వెళ్లిపోయారు. సారు వైపు మాత్రం ఎవరూ చూడలేదు.

ముందుగదిలో ముగ్గురే మిగిలారు. అనసూయమ్మ కాసేపు గొణిగి గొణిగి, అసలు సంగతికి వచ్చింది. "అదీ రాక, నువ్వూ లేకపోతే ఆదివారం నాడు గిన్నెలెవలు తోముతరు?"

జవాబు రాలేదు. ఇలాంటి ఖాళీ వచ్చిన ప్రతిసారీ, 'నేను తొందరగ వచ్చి తోముత లెండి' అని ఒక వాక్యం అందించడం అంబికకు ఏళ్లుగా అలవాటు. ఈసారి ఊరుకుంది. నోరు విప్పకపోవడం ఒప్పుకోవడం కాదని ఆ ఇంట్లో తొలిసారి తెలిసింది. బయట చిక్కడపల్లి చౌరస్తా వైపు పోయే బస్సు హారన్ మోగింది.

రాఘవేందర్ కుర్చీలోంచి లేచాడు. ఎవరూ పిలవలేదు. వంగి, ఎంగిలి టీ గ్లాసులు ఒక్కొక్కటే ఏరి పళ్లెంలో పెట్టడం మొదలుపెట్టాడు. చేతకాక ఒకటి జారి దొర్లింది. అంబిక చెయ్యి దానికోసం దానంతటదే ముందుకు వెళ్లింది. సగం దూరం వెళ్లాక, వెనక్కి తీసుకుంది.