మార్కెట్టు మూల దగ్గర కుదుపు

"పరీక్ష పెడతారట! శనివారం తొమ్మిదింటికి!"

మామగారి కేకకి కోడలి చేతిలోని ఉల్లిపాయ జారి బల్ల కిందకి దొర్లిపోయింది. దాని సంగతి తర్వాత చూసుకోవచ్చని ఆమె ముందుగదిలోకి పరిగెత్తింది. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడి ఉన్నారు. సంతోషం ఒక్క చెవికి చాలదన్నట్టు ఫోను స్పీకరులో పెట్టేశారు. అవతల ఉన్నది ఆయనతో ఇరవై రెండేళ్లు ఒకే బస్సులో తిరిగిన కండక్టరు.

"ఏం డ్రైవరు దొరా, ఎనిమిది నెలలు కుర్చీలో దర్బారు చేసింది చాలు. మేనేజరు సంతకం పెట్టేశాడు. డిపోలో బొమ్మబస్సు గది ఉందిగా, అందులో అరగంట నడిపించి చూస్తారు. నెగ్గావా, సోమవారం నుంచి మన రూటు మనదే."

"నెగ్గకపోతే?"

"నీ నోట మంచిమాట రాదా? నెగ్గకపోతే కాగితాలు చేతిలో పెట్టి ఇంటికి పొమ్మంటారు. అయినా నువ్వు నెగ్గకపోవడమేంటి! నీ బండిలో నిలబడి సూదిలో దారం ఎక్కించేవాళ్లు జనం. నీ బదులు వచ్చినవాడు బ్రేకు తొక్కితే నేను వెనక తలుపు దగ్గర బయల్దేరి ముందు అద్దం దగ్గర తేలుతున్నా."

మామగారు పకపకా నవ్వారు. పెళ్లై ఈ ఇంటికొచ్చిన నలభై మూడు రోజుల్లో ఆయన అంత గట్టిగా నవ్వడం కోడలు వినలేదు. ఆమెకి అసలే ప్రతిదీ పండుగలా ఉన్న రోజులు. స్నానాలగదిలో రెండు బ్రష్షులు ఒకే గ్లాసులో ఆనుకుని నిలబడినా ముచ్చటే, భర్త జేబులో స్క్రూడ్రైవరు మరిచిపోయి భోజనానికి కూర్చున్నా ముచ్చటే. ఈ నవ్వు కూడా ఆ ముచ్చట్ల మూటలో చేరింది.

ఎనిమిది నెలల కిందట మామగారికి కుడివైపు పక్షవాతం వచ్చింది. మాట తిరిగొచ్చింది. చెయ్యి తిరిగొచ్చింది. కాలు నూటికి తొంభై వంతులు వచ్చిందని డాక్టరు అంటే, తొంభై అయిదని ఆయన బేరమాడారు. కంప్యూటర్లు బాగుచేసే షాపులో పనిచేసే కొడుకు, పాత భాగాలు ఏరుకొచ్చి ఇంట్లోనే ఒక కంప్యూటరు డబ్బా కట్టి, దానికి స్టీరింగు, కింద పెడల్సు బిగించి, బస్సు నడిపే ఆట ఎక్కించి పెట్టాడు. రోజూ మూడు గంటలు సాధన. కోడలు కాలేజీలో స్టాటిస్టిక్స్ చదువుకుంది. అంకెలు కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. పక్కన స్టూలేసుకుని కూర్చుని నోటు పుస్తకంలో రాసేది: సెకనుకి ఎన్ని బొమ్మలు మారుతున్నాయి, ఎక్కడ తగ్గుతున్నాయి, ఎన్ని తప్పులు పడ్డాయి.

ఆటంతా ఒక ఎత్తు, మార్కెట్టు మూల ఒక ఎత్తు. మలుపు తిరగ్గానే బండ్లు, గొడుగులు, జనం. అక్కడికి రాగానే తెర కుదుపు తినేది. బస్సు ఇక్కడున్నది ఒక్కసారిగా అక్కడ కనిపించేది. సరిగ్గా ఆ సమయానికి సంచీ పట్టుకున్న ముసలమ్మ ఒకావిడ నిలిపి ఉన్న వ్యాను చాటు నుంచి రోడ్డు మీదకి అడుగు వేసేది.

"చూశావా అమ్మాయ్? బొమ్మే ఆగిపోతే నేనెక్కడ ఆపను? డబ్బాది తప్పు, నాది కాదు," అనేవారు మామగారు. కోడలు అవునని తలూపి, తప్పు డబ్బా ఖాతాలో రాసేది. చూసినవాళ్లెవరైనా అలాగే రాస్తారు. తెర నిజంగానే ఆగేది.

పరీక్ష కబురు వచ్చిన మర్నాడు భర్త రెండు మెమరీ కార్డులు జేబులో వేసుకొచ్చాడు. షాపుకొచ్చే ఎవరో కొత్త మెషీను కొనుక్కుని ఇవి వదిలేసి వెళ్లారట. డబ్బా మూత విప్పి, పాతవి పీకి, కొత్తవి గుచ్చుతుంటే ఆమె టార్చి పట్టుకుంది. అతను దుమ్ము ఊదితే అది నేరుగా ఆమె మొహాన పడింది. ఇద్దరూ చిన్నపిల్లల్లా నవ్వుకున్నారు.

"దీంతో నిజంగా ఆట వేగం పెరుగుతుందాండీ? లేక వట్టి మోజా?"

"ప్రాసెసరు వంటమనిషి అనుకో. మెమరీ సరుకులు అందించే చెయ్యి. వంటమనిషి ఎంత చురుకైనా, ఉప్పు అన్నాక ఉప్పు వచ్చేదాకా గరిట పట్టుకుని నిలబడాల్సిందే. అలా నిలబడినప్పుడల్లా తెర ఆగుతుంది."

"అయితే చెయ్యి చురుగ్గా ఉంటే చాలన్నమాట."

"అన్ని డబ్బాల్లో కాదు. బొమ్మల కోసం విడిగా మంచి కార్డు ఉంటే పెద్ద తేడా తెలీదు. జనం ఊరికే ఎగబడతారు. మనదాన్లో ఆ కార్డు లేదు. లెక్కలకీ ఈ చెయ్యే, బొమ్మలకీ ఈ చెయ్యే. అందుకని మనకి తెలుస్తుంది. సగటు కాస్త పెరుగుతుంది. ముఖ్యంగా జనం గుమిగూడిన చోట కుదుపు..." అంటూ చటుక్కున ఆపేసి, "టార్చి సరిగ్గా పట్టుకో," అన్నాడు.

ఆమె టార్చి వెలుగులో కార్డు మీది వేగం అంకె చదివింది. మూడువేల ఆరువందలు. తీసేసిన పాతదాని మీద రెండువేల నూట ముప్పై మూడు. లాటరీ తగిలినంత సంబరపడింది.

కానీ బుధవారం ఏమీ మారలేదు. గురువారమూ మారలేదు. సగటు అంతకుముందు ముప్పై ఒకటి, ఇప్పుడూ ముప్పై ఒకటే. మార్కెట్టు మూలలో అదే కుదుపు, అదే ముసలమ్మ.

"ఈ డబ్బా దున్నపోతమ్మా. దీని మీద వాన కురిసినా ఒకటే, కొత్త మెమరీ పెట్టినా ఒకటే," అన్నారు మామగారు. మాటలో నవ్వు ఉంది గానీ చేతిగుడ్డ తీసి అరచేతులు తుడుచుకున్నారు. పరీక్ష ఇంక రెండురోజుల దూరంలో ఉంది.

శుక్రవారం మధ్యాహ్నం ఆమె నోటు పుస్తకం ముందేసుకుని కూర్చుంది. మార్పు తర్వాత అంకె ఇంత అచ్చంగా అలాగే ఉండటం ఆమె చదువుకి మింగుడుపడలేదు. తగ్గాలి, లేదా పెరగాలి. కంప్యూటరులో పని వివరాలు చూపించే కిటికీ తెరిచి, మెమరీ అన్న చోట నొక్కింది. వేగం: రెండువేల నూట ముప్పై మూడు.

"మామయ్యగారూ!" అని అరిచింది. "దొంగ దొరికాడు! కొత్త మెమరీ పాత వేగంతోనే నడుస్తోంది! దాని అసలు వేగం ఎవరూ ఆన్ చెయ్యలేదు!"

వెంటనే షాపుకి ఫోన్ చేసింది. కార్డుని గుచ్చడం ఒక్కటే సరిపోదని, డబ్బా లేచేటప్పుడు లోపలి సెట్టింగుల్లోకి వెళ్లి వేగం మార్చాలని అప్పటికే చదివేసింది. చెప్పింది అంతా విని అవతల భర్త గొంతు తగ్గించాడు.

"సాయంత్రం చూస్తాలే. నాన్నకి చెప్పకు."

"చెప్పేశాగా!"

ఈలోగా మామగారు కండక్టరుకి ఫోన్ కలిపేశారు. "నేను చెప్పలేదట్రా, నాది కాదని! మా కోడలు పట్టుకుంది. చదువుకున్న పిల్ల మరి!" ఆ మాటకి ఆమె చెవులు వెచ్చబడ్డాయి. ఎవరూ చూడకుండా రెండు చేతులతో మొహం కప్పుకుని నవ్వుకుంది.

సాయంత్రం భర్త వచ్చి చెప్పులు విప్పుతూనే నసిగాడు. "రేపు పరీక్ష పెట్టుకుని ఇవాళ కెలకడమెందుకు నాన్నా? బెడిసికొడితే డబ్బా అసలు లేవనే లేవదు."

"లేవకపోతే మానె. ఆ ముసలమ్మని ఎన్ని వందలసార్లు చంపానో పాపం లెక్కలేదు. ఒక్కసారి బతికించి వెళ్తాను."

"మీకు భయమైతే నేను చేస్తానండీ," అంది ఆమె. "ఒక మీట నొక్కాలి, ఒక వరుస మార్చాలి. అంతేగా?"

భర్త ఆమె వైపు చూశాడు. అంత చెయ్యగలదా అని మురిసిపోతున్నాడనుకుంది. డబ్బా ఆపి, మళ్లీ లేపుతూ మీట నొక్కింది. నీలం తెర వచ్చింది. వెతికి, ఎంచి, భద్రపరిచి బయటికొచ్చింది. డబ్బా ఒకసారి గునిసి, లేచింది. వేగం: మూడువేల ఆరువందలు. ఆమె చప్పట్లు కొట్టింది.

మామగారు స్టీరింగు పట్టుకున్నారు.

ఆ మొదటి పదినిమిషాలు ఆమె రాయడం కూడా మర్చిపోయి చూసింది. తెర మీద రోడ్డు నీళ్లలా జారుతోంది. ఆయన మలుపు తిప్పితే నీడలు కూడా మెల్లిగా తిరిగాయి. స్టాపులో ఆపితే ముందు తలుపు సరిగ్గా గీత దగ్గర ఆగింది. ఆ పనితనం ఇన్నాళ్లూ కుదుపుల కింద దాగి ఉంది. సగటు నలభై ఎనిమిది. మార్కెట్టు మలుపు వచ్చింది. బండ్లు, గొడుగులు, జనం. తెర ఆగలేదు. వ్యాను చాటు నుంచి సంచీ కనిపించింది, తర్వాత చెయ్యి, తర్వాత ముసలమ్మ.

"బ్రేకు," అన్నారు మామగారు.

మాట సమయానికే వచ్చింది. కాలు రాలేదు. మాటకీ కాలికీ నడుమ ఆమె మనసులో ఒకటి అని లెక్కపెట్టేంత సందు ఉంది. తెర మీద ఎర్రగా తప్పు పడింది.

"మళ్లీ," అన్నారాయన.

మళ్లీ నడిపారు. "బ్రేకు." ఒకటి. ఎరుపు. మూడోసారి కుడికాలి చెప్పు తీసి పక్కన పెట్టారు. నాలుగోసారి కాలిని ముందే పెడల్ మీద ఆనించుకుని వచ్చారు, బస్సు ప్రతి స్టాపుకీ పడుతూ లేస్తూ వచ్చింది. అయిదోసారి "బ్రేకు" అని పైకి అనలేదు, పెదాలు మాత్రం కదిలాయి. మళ్లీ ఎరుపే. తెర ఒక్కసారి కూడా కుదుపు తినలేదు. ముసలమ్మ ప్రతిసారీ స్పష్టంగా, సంచీ మీది చారలు లెక్కపెట్టొచ్చేంత స్పష్టంగా, అడుగు వేసింది.

ఆమె చేతిలో పెన్ను ఉంది. ఏ గడిలో రాయాలో తెలియలేదు. వెనక్కి తిరిగి చూస్తే భర్త తెరని చూడటం లేదు, తండ్రి మెడ వెనక భాగాన్ని చూస్తున్నాడు. అప్పుడు అర్థమైంది ఆమెకి.

వంటగదిలోకి వెళ్లి కుళాయి తిప్పింది. అతను వెనకే వచ్చాడు.

"మీరు వేగం మార్చడం మర్చిపోలేదు కదూ."

"రోజుకి నాలుగు డబ్బాలకి చేస్తాను ఆ పని. ఎలా మర్చిపోతాను?"

"మరి ఎందుకు..."

"నెల కిందటే షాపులో ఒక మంచి మెషీను మీద ఆయన్ని కూర్చోబెట్టాను. ఊరికే చూద్దామని. కుదుపు లేదు. అయినా ఆపలేకపోయాడు. ఈ పెడల్సు అలవాటు లేవు అన్నాడు, నేనూ అవునన్నాను." కుళాయి కట్టేశాడు. "రేపు ఎలాగూ తప్పుతాడని తెలుసు. తప్పి ఇంటికొచ్చాక, పాడు డబ్బా, సాధన కుదర్లేదు అని దీన్ని తిట్టుకుంటాడనుకున్నాను. ముప్పై ఏళ్లు బండి నడిపిన మనిషి. కాలిని తిట్టుకోవడం కంటే డబ్బాని తిట్టుకోవడం నయం కదా."

"మెమరీ తేకుండా ఉండాల్సింది."

"కొత్తది వేశాం, అయినా కుదరలేదు అంటే నమ్మకంగా ఉంటుందని తెచ్చాను. నువ్వు ఆ అంకె చూస్తావనుకోలేదు."

"నాకు ఒక్కమాట చెప్పొచ్చుగా! చప్పట్లు కొట్టానండీ నేను. ఆయన పక్కన కూర్చుని చప్పట్లు కొట్టాను."

"వచ్చి నలభై రోజులైంది. అన్నిటికీ నవ్వుతున్నావు. ఎలా చెప్పను?"

ఆమె ఏడ్చింది. చప్పుడు బయటికి వెళ్లకుండా కొంగు నోటికి అడ్డుపెట్టుకుని ఏడ్చింది. అతను దగ్గరికి తీసుకున్నాడు. ఈ ఇంట్లో ఆమెకి ఇదే మొదటి ఏడుపు. దాన్ని అన్ని సంతోషాల మధ్య ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకి తోచలేదు.

"ఒరేయ్," అని ముందుగది నుంచి పిలుపొచ్చింది. "గుసగుసలు ఆపి ఇద్దరూ ఇటు రండి."

మామగారు డబ్బా తనే ఆపేశారు. తీసిన చెప్పు మళ్లీ తొడుక్కుని, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చున్నారు.

"డబ్బా బాగుందిరా," అన్నారు. "మంచి పని చేసింది అమ్మాయి."

కోడలు నోరు విప్పబోయింది. ఆయన చెయ్యెత్తి ఆపారు.

"నాన్నా, డిపోలో మెషీను వేరు," అన్నాడు కొడుకు. "అక్కడి రోడ్డు వేరు. ఈ ముసలమ్మ అందులో ఉండకపోవచ్చు. మీ స్టీరింగు చూసే పాస్ చేసేస్తారేమో."

"అదేరా నా భయం. అక్కడ ఆవిడ లేకపోతే నెగ్గేస్తాను. సోమవారం నిజం మార్కెట్టులో ఆవిడ ఉంటుంది."

మామగారు కుడి మోకాలిని అరచేత్తో రాసుకున్నారు. అల్లరి చేసిన పిల్లని తిట్టలేక నిమిరినట్టు ఉంది ఆ రాయడం.

"రేపు తొమ్మిదింటికి కాదు, ఎనిమిదింటికే డిపోకి చేరుకుందాం. పరీక్ష పెట్టేవాళ్లు రాకముందే మేనేజరు గదికి వెళ్లి, నాకీ పరీక్ష వద్దని రాసిచ్చి వస్తాను. ఒరేయ్, నువ్వు షాపుకి వెళ్లు, నీ మొహం చూస్తే నేను రాయలేను. అమ్మాయ్, నువ్వు రా నాతో. ఆ కండక్టరుగాడు తెల్లారకుండానే వచ్చి గేటు దగ్గర కాచుకుని ఉంటాడు. నేను లోపలికెళ్లి బయటికొచ్చేదాకా వాడితో ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండు. అసలు సంగతి మాత్రం చెప్పకు. వాడికి నేనే చెప్పాలి."