చూడని గ్రహణం

ఐసులోంచి రొయ్యను తీయడం, బొటనవేలి గోటితో తల విరవడం, తల ఎడమవైపు బుట్టలోకీ ఒళ్ళు కుడివైపు టబ్బులోకీ వేయడం. కొల్లేటి ఒడ్డున ఉన్న ఆ రొయ్యల షెడ్డులో సువర్ణ ఇరవై రెండేళ్ళుగా ఈ పనే చేస్తోంది. వేళ్ళ కొసలు తెల్లగా నానిపోయి ముడతలు పడ్డాయి. పైపెదవి నుంచి ముక్కు దాకా కుట్టుమచ్చ. పుట్టుకతో వచ్చిన గ్రహణం మొర్రికి పందొమ్మిదో ఏట ఏలూరులో ఆపరేషన్ చేశారు. పెదవి అతుక్కుంది గాని మాట మాత్రం ఇప్పటికీ ముక్కులోంచే వస్తుంది. అందుకే ఆమె మాట్లాడేది తక్కువ.

అది 2018 జనవరి ఆఖరి రోజు. సాయంత్రం చంద్రుడు గ్రహణంతోనే పొడుస్తాడని టీవీలో చెప్పారు. షెడ్డులో ఆడవాళ్ళు చాలామంది క్యారేజీలు తెచ్చుకోలేదు. మధ్యాహ్నం రెండింటికి, ఐదో నెల కడుపుతో ఉన్న అలేఖ్య బల్ల అంచు పట్టుకుని తూలింది.

"ఏమీ తినలేదా?" అంది సువర్ణ.

"మా అత్తగారు వద్దన్నారండీ."

సువర్ణ తన డబ్బా మూత తీసి ఆ పిల్ల ముందు పెట్టింది. ఎదుటి వరసలో ఉన్న సత్యవేణి చప్పున చెయ్యి అడ్డం పెట్టింది.

"దాని బిడ్డకి కూడా నీలాగే మొర్రి రావాలా ఏంటే? మీ అమ్మ గ్రహణం చూడబట్టే కదా నీకీ రాత!"

యాభై ఏళ్ళుగా వింటున్న మాటే. విన్న ప్రతిసారీ తల వంచుకుంది. ఈసారి లేచి నిలబడింది.

"మా అమ్మ చూడలేదు."

వెనకాల ఎవరో కిసుక్కున నవ్వారు. సువర్ణ టబ్బు ఎత్తి నేలకేసి కొట్టింది. రొయ్యలు గచ్చంతా చెల్లాచెదురయ్యాయి.

"చూడలేదన్నాను!"

మేస్త్రీ అబ్బాయిరాజు పరిగెత్తుకొచ్చాడు. "ఇదంతా ఎవరేరతారమ్మా?"

"నేనేరతానండీ. ముందు ఆ పిల్లని తిననివ్వండి."

అలేఖ్య అటూ ఇటూ చూస్తూ, ఏడుస్తూ తింది. సువర్ణ మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కొక్క రొయ్యనే ఏరింది. ఎవరూ చెయ్యి వేయలేదు.

ఇంటికి నడుస్తున్నా కోపం దిగలేదు. సగం కోపం తన మీదే. ఈ మొర్రి సాకుతోనే నాన్న తాడేపల్లిగూడెంలో వేరే కాపురం పెట్టాడు. అమ్మ నాట్లు వేసి, కలుపు తీసి, చేపలమ్మి పెంచింది. పద్నాలుగో ఏట బడిలో పిల్లలు వెక్కిరిస్తే, ఇంటికొచ్చి తనూ అదే మాట అంది: "ఎందుకు చూశావే?" గిన్నె తోముతున్న అమ్మ చెయ్యి ఆగింది.

ఇంటి తలుపులన్నీ మూసి ఉన్నాయి. ఎనభై ఏళ్ళ అమ్మ నాగరత్నం చీకట్లో, నెత్తి మీదుగా దుప్పటి కప్పుకుని ముడుచుకుని పడుకుంది. ఆ ముడుచుకోవడం చూసేసరికి సువర్ణకి ఒళ్ళు మండిపోయింది. దుప్పటి లాగేసింది.

"లేమ్మా. చూద్దాం రా."

"వద్దే తల్లీ. ఇప్పటిదాకా పడింది చాలదా?"

"ఇప్పుడు మనింట్లో కడుపుతో ఎవరున్నారు? లే."

జబ్బ పట్టుకుని ఇంటి వెనక చేపల చెరువు గట్టెక్కించింది. చెరువు కాపలా తాతారావు ఇద్దరినీ ఎగాదిగా చూసి, తన ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేశాడు.

తూర్పున కొల్లేటి మీద పొగమంచు. మొదట ఏమీ కనబడలేదు. కాసేపటికి మంచులోంచి సగానికి పైగా కొరికేసినట్టున్న చంద్రుడు లేచాడు. వెలుగు సన్నగిల్లి, సన్నగిల్లి, ఆరున్నర కాకముందే మొత్తం ఆరిపోయింది. ఉడికిన రొయ్య రంగులో మసక ముద్ద ఒకటి మిగిలింది. ఉందో లేదో అన్నట్టుంది.

నాగరత్నం కళ్ళు చికిలించి చాలాసేపు చూసింది.

"ఇదా?"

"ఇదేనమ్మా."

"ఇంతేనా?"

"ఇంతే."

ముసలామె కుర్చీలో ముందుకి వంగింది. "ఆ రోజు చాప కప్పుకుని పడుకున్నానే. ఒంటేలుకి కూడా లేవలేదు. మీ మేనత్త గుమ్మంలో కాపలా కూర్చుంది. నువ్వు పుట్టాక ఆవిడే ఊరంతా చెప్పింది, నేను చూశానని."

"తెలుసమ్మా."

"నీకేం తెలుసు! నువ్వూ నమ్మలేదు."

సువర్ణ తల వంచుకుంది. నాగరత్నం వంగి, తడుముకుని ఒక మట్టిబెడ్డ అందుకుంది. బలమంతా కూడదీసుకుని చంద్రుడి మీదికి విసిరింది. అది రెండు గజాలు పోయి చెరువులో పడింది. ఇంకోటి అందుకుంది. సువర్ణ ఆపలేదు. తనూ కింద కూర్చుని, గట్టు పెళ్ళగించి బెడ్డలు అందించింది. విసిరి విసిరి అలిసిపోయాక అమ్మ అంది:

"ఆకలేస్తోందే. అన్నం పెట్టు."

గ్రహణం ఇంకా విడవలేదు. గట్టు మీదే ఇద్దరూ ఒకే కంచంలో తిన్నారు.

పది రోజుల తర్వాత, మధ్యాహ్నం కునుకు తీసిన నాగరత్నం మళ్ళీ లేవలేదు. ముఖం తేటగానే ఉంది. పలకరించడానికి వచ్చిన సత్యవేణి గడపలోనే గొంతు తగ్గించి అంది, "ఆ రోజు గట్టు మీద చూసిందట కదా. అందుకే..."

"చూసింది," అంది సువర్ణ. ముక్కులోంచి వచ్చిన ఆ మాట వీధి దాకా వినిపించింది. "కళ్ళారా చూసింది. నేనే చూపించాను. లోపలికి రావద్దు, వెళ్ళు."

చెరువు గట్టు మీద కుర్చీని తాతారావు ఇంకా తీసుకెళ్ళలేదు. ముందు కాళ్ళు రెండూ మెత్తటి మట్టిలో దిగబడి, అది తూర్పు వైపుకి కాస్త వంగి ఉంది.