దొరసాని గుడ్లు పెట్టే చోటు

తెల్లారి చేపల గంప ఎత్తుకునే ముందు అంకాలమ్మ చేసే పని దొరసానికి మేత వేయడం. తోటకూర కాడలు, గంగపాయలాకు, దొరికిన రోజున దోసకాయ ముక్క, పైన చిటికెడు కోడిగుడ్డు పెంకుల పొడి. దొరసాని అంటే ఆమె పెంచుకునే తాబేలు. ఆ పేరు అంకాలమ్మ పెట్టలేదు, దాని నడక చూసి ఆ సముద్రపు ఒడ్డు పాళెమే పెట్టింది. పక్కన కుక్క మొరిగినా, మీద కాకి వాలినా అది నడక మార్చదు.

ఆ వారం దొరసాని మేత ముట్టలేదు. తెల్లారింది మొదలు గోడ వెంట తిరగడం, ఒకచోట ఆగి మట్టి వాసన చూడడం, వెనక కాళ్ళతో రెండుసార్లు గీకి నచ్చక వెళ్ళిపోవడం. అంకాలమ్మ గంప పక్కన పెట్టేసింది. మూలమూలలా మన్ను గుల్ల చేసి నీళ్ళు చిలకరించింది. కుక్కలను తరిమింది. పురిటికి పుట్టింటికి వచ్చిన కూతురి వెంట తల్లి తిరిగినట్టు దాని వెంట తిరిగింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. దొరసాని గుడ్లు పెట్టిన చోటు దాటి సముద్రం రాదు. విడవలూరు బస్సు వానాకాలం పాళెం దాకా రాదన్నంత మామూలుగా అక్కడ అందరికీ తెలుసు ఆ సంగతి. ఎందుకని ఎవరూ అడగరు. అడిగి ఏం చేసుకుంటారు?

పూర్వం అది తనకు నచ్చినట్టు తూర్పు వీధిలో, అంకాలమ్మ వాకిట్లోనే పెట్టేది. పెద్ద తుపాను వచ్చిన ఏడు మాత్రం పాళేనికి పెద్ద అయిన పెద్దకాపు గంగులయ్య మేళతాళాలతో దాన్ని తీసుకుపోయి ఊరి నడుమ తన మిద్దె ముందు పెట్టించాడు. నిండు కడుపుతో ఉన్న ప్రాణి, పెట్టక ఏం చేస్తుంది? సముద్రం వచ్చింది. గంగులయ్య మెట్ల దాకా వచ్చి మర్యాదగా ఆగిపోయింది. ఆ మెట్లకు అవతలున్న తూర్పు వీధి మొత్తం నీళ్ళ కిందకు పోయింది, మళ్ళీ తేలలేదు. ఆ వీధిలో మిగతావాళ్ళు దూరంగా కాలనీలో కుదురుకున్నారు. అంకాలమ్మ దొరసానిని చంకనేసుకుని తమ్ముడు ముత్యాలయ్య వసారాలో చేరింది. మునిగింది మొగుడు పోయాక ఇటుక ఇటుక పేర్చి తాను కట్టుకున్న ఇల్లు. ఆ కోపాన్ని మింగలేక కక్కలేక అప్పటినుంచీ బతుకుతోంది. ఆ తర్వాత దొరసాని గుడ్లు పెట్టబోవడం మళ్ళీ ఇదే.

సంగతి తెలిసి గంగులయ్య నలుగురు పెద్దలను వెంటేసుకుని వచ్చాడు. ఆయన చెడ్డవాడని అనలేం. ఊరి మంచీ తన మిద్దె మంచీ ఒకటేనని నిజంగా నమ్మిన మనిషి.

“ఏమ్మే అంకాలమ్మా, దొరసాని కడుపుతో ఉండాదంట గదా. రేపు మేళం పెట్టి తీసకపోతాం. పోయినసారి పెట్టిన చోటే పెట్టాల. ఊరంతా ఒక మాటనుకున్నాం.”

“మీరు మాటనుకుంటే సరిపోద్దా కాపూ? కడుపు దానిది, తీర్మానం మీదా?”

“అది యాడబడితే ఆడ పెడితే ఊరేం గావాల? పడమట చెరువుకట్ట కాడ పెట్టిందనుకో, అందరం మునగాల్సిందే గదా!”

తప్పు ప్రశ్న కాదది. అంకాలమ్మకూ లోపల ఆ భయం ఉంది. కానీ భయం కన్నా మంట ఎక్కువగా ఉంది.

“పోయినసారి మీరు చెప్పిన చోట పెడితే మేం మునిగినాం. అప్పుడు మేం ఊరు గాదా?”

జవాబు దొరకనప్పుడు పెద్దలకు ఉండనే ఉంది దురాయి. సాయంత్రానికి తప్పెట మోగింది. అంకాలమ్మతో ఎవరూ మాట్లాడకూడదు, నిప్పూ నీళ్ళూ ఇవ్వకూడదు, ఆమె అమ్మే చేప కొనకూడదు. పెద్దకాపు వాకిలి ఆమె తొక్కిందా, ఊరు వదిలిపోవాల్సిందే. మర్నాడు పసుపు పూసి, దండ వేసి దొరసానిని మోసుకుపోయారు. ముత్యాలయ్య అక్క ముఖం చూడలేక వల బాగుచేసే పని పెట్టుకున్నాడు.

గంగులయ్య భక్తిపరుడు. పోయినసారి గుడ్లు పెట్టిన చోట అరుగు కట్టించి, చుట్టూ టైల్సు వేయించి, నడుమ గుంటలో శుభ్రమైన పెన్నా ఇసుక పోయించాడు. కాకపోతే జానెడు ఇసుక కింద అంతా సిమెంటే. దొరసాని తవ్వింది. గోళ్ళు సిమెంటుకు గీసుకున్నాయి. ఇంకోవైపు తిరిగి తవ్వింది. అక్కడా అంతే. కాళ్ళూ తలా లోపలికి లాక్కుని కూర్చుంది. చుట్టూ పాత వల కట్టి, అగరొత్తులు వెలిగించి పెద్దలు ఎదురుచూశారు.

దురాయి ఉన్న మనిషితో మాట్లాడితే తప్పు గానీ, కోడితో మాట్లాడితే ఏ కాపూ కాదనలేడు. ముత్యాలయ్య పెళ్ళాం స్వర్ణ వసారా ముందు నూకలు చల్లుతూ కోడితో చెప్పింది.

“ఒసే కోడీ, దొరసాని నిన్నటాల నించి కదల్లేదంటనే. గోళ్ళల్లో నెత్తురంట. గుడ్లు లోపలే ఉండిపోతే తల్లి బతకదంట గదే. నీకు చెవులుండాయో లేదో నాకేం తెలుసు!”

కోడి నూకలు ఏరుకుంది. అంకాలమ్మ లేచి చేపలు కోసే కత్తి తీసుకుంది.

పట్టపగలు, అందరూ చూస్తుండగానే గంగులయ్య వాకిలి తొక్కింది. వల తాళ్ళు కోసింది. కుర్రాళ్ళు ఫోన్లు పైకెత్తారు. గంగులయ్య చేతులు అడ్డం పెట్టాడు.

“ఊరు ఇడిసిపెట్టి పోవాల్సొస్తాది అంకాలమ్మా!”

“పోతా. ఇది మాత్రం ఈడ చావదు. జరుగు.”

ఆమె చేతిలోని కత్తిని చూశాడో, కళ్ళనే చూశాడో గానీ గంగులయ్య జరిగాడు. ఆమె దొరసానిని ఎత్తి, గోళ్ళకంటిన నెత్తురు కొంగుతో తుడిచి, వీధి నడుమ దించింది. “నీ కడుపు, నీ ఇష్టం తల్లీ. నిన్ను ఎవురాపుతారో నేను చూస్తా” అంది.

దొరసాని తల బయటపెట్టింది. పడమటకు రెండడుగులు వేసింది. చెరువుకట్ట వైపు. తప్పు చేశానా అనుకుంది అంకాలమ్మ, అయినా చెయ్యి చాపలేదు. దొరసాని నిలబడి మట్టి వాసన చూసి, మెల్లగా తూర్పుకు తిరిగింది. మిద్దె మెట్ల పక్కనుంచి నేరుగా నీళ్ళవైపు నడిచింది. అది మెట్ట తాబేలు, ఈత రాదు.

“అక్కా, పట్టుకో! సముద్రంలోకి పోతా ఉండాది!” ముత్యాలయ్య దురాయి మరిచి కేక వేశాడు.

“పోనీరా. దానికి తెలుసు.”

అల వచ్చింది. దొరసాని మూతి దాకా వచ్చి ఆగి, వెనక్కి తగ్గింది. దొరసాని ఒక అడుగు వేసింది. తర్వాతి అల ఇంకాస్త దూరంలోనే నిలిచిపోయింది. అది నడిచినకొద్దీ సముద్రం దారి ఇస్తూ జరిగింది. ముందు విరిగిన కరెంటు స్తంభం మొదలు బయటపడింది, తర్వాత కుళాయి దిమ్మె. ఆ తర్వాత వీధికి రెండువైపులా, పాచి పట్టి, గవ్వలంటుకుని, వరసగా ఇళ్ళ పునాదులు. ఎవరిది ఏ ఇల్లో జనం పేరుపేరునా చెప్పుకున్నారు. ఎవరో కాలనీలో వాళ్ళకు ఫోన్ చేసి “మీ బావి తేలింది, రండి” అన్నారు.

దొరసాని ఒక వాకిలి దాటి, దాని ముందున్న ఇసుకలో ఆగింది. ఈసారి వాసన చూసి వదిలేయలేదు. వెనక కాళ్ళతో, ఒకదాని తర్వాత ఒకటిగా, తొందర లేకుండా తవ్వింది. అంకాలమ్మ కాస్త దూరంలో గొంతుక్కూర్చుని, ఎండ పడకుండా కొంగు పట్టింది. మొదటి గుడ్డు గుంటలో పడ్డప్పుడు ఏడుపొచ్చింది ఆమెకు. దాచుకోలేదు. చివరి గుడ్డు పెట్టి, ఇసుక కప్పి, పొట్టతో అదిమి దొరసాని ఒక పక్కకు జరిగింది. సముద్రం ఆ గుంటకు అవతలే పొర్లాడింది.

తడి వీధి వెంట గంగులయ్య పంచె ఎగ్గట్టుకుని వచ్చాడు. వెనక పెద్దలు, వాళ్ళ వెనక ఊరు. ఆయన గొంతు సవరించుకున్నాడు.

“అంకాలమ్మా, పెద్దలందరం అనుకున్నాం. దురాయి ఎత్తేసినాం. నువ్వు ఊరొదిలి పోవాల్సిన పన్లే.”

అంకాలమ్మ లేచి ఆయన కాళ్ళవైపు చూసింది. పాచి పట్టిన రాతి మీద ఒక కాలు ఆనించి నిలబడి ఉన్నాడు.

“పెద్దకాపూ, కాలు తియ్యి. అది నా గడప.”

గంగులయ్య కాలు తీశాడు.