పొలానికి సోమవారం

శనివారం మధ్యాహ్నం సైరన్ మోగగానే అతను ఏప్రన్ విప్పి మేకుకి తగిలించి, మోచేతుల దాకా కడుక్కుని, ఎవరితోనూ కబుర్లు పెట్టుకోకుండా బస్‌స్టాండుకి నడిచేవాడు. సబ్బుల ఫ్యాక్టరీలో తూకం దగ్గర పని అతనిది. బెల్టు మీద వరసగా వచ్చే సబ్బుల్లో బరువు తగ్గినవీ, మూల విరిగినవీ ఏరి పక్కన పెట్టాలి. రోజంతా నిలబడే ఉద్యోగం. ఒంటికి పట్టిన పూల వాసన ఎంత రుద్దినా పోదు. అది ఏ పువ్వు వాసనో ఇన్నేళ్లయినా ఫ్యాక్టరీలో ఎవరికీ తెలీదు.

బస్సు ఆఖరి స్టాపులో దిగి, కాలవగట్టు మీద నడిచి, పొద్దు వాలే వేళకి తన పొలం గేటు తీసేవాడు. ఎకరం కూడా లేని చెక్క. చిక్కుళ్లు, టమాటాలు, నాలుగు కోళ్లు, ఒక మేక, రేకుల ఇల్లు, ఆ ఇంట్లో భార్య. ఆదివారమంతా ఇద్దరూ మట్టిలో పనిచేసేవారు. మళ్లీ పొద్దు వాలే వేళకి అతను సంచి భుజాన వేసుకుని బయల్దేరేవాడు.

అతను గేటు బయట కాలు పెట్టగానే పొలం ఆగిపోయేది. కోడి ఎత్తిన కాలు ఎత్తినట్టే, పొయ్యి మీద మరుగుతున్న నీళ్లు మరుగుతున్నట్టే, భార్య నోట్లో మాట నోట్లోనే. వారం తర్వాత అతను గేటు తీస్తే అన్నీ ఎక్కడ వదిలాయో అక్కణ్ణించే అందుకునేవి. ఆమెకి అతను వెళ్లడం, రావడం ఒకే గేటు చప్పుడు. "ఇప్పుడేగా వెళ్లారు, ఈ గడ్డం ఎప్పుడు పెరిగింది?" అని మొదట్లో నవ్వేది. చుట్టుపక్కల పొలాల వాళ్లు దీన్ని వింతగా ఏమీ అనుకోలేదు. పైగా కాస్త కుళ్లుకున్నారు కూడా. పట్నంలో ఉద్యోగం చేస్తూ పొలం పెట్టుకున్నవాడికి వారం మధ్యలో నీళ్లెవరు పెడతారు, మేకకి మేతెవరు వేస్తారు అన్న బెంగ ఉంటుంది. ఇతనికి ఆ బెంగ లేదు కదా అని వాళ్ల బాధ.

లేకేం, వేరే బెంగ ఉంది. వారానికి ఒక్క రోజు బతికే పొలంలో పంట ఎప్పటికి పండాలి? విత్తనం మొలకెత్తడానికే నెల దాటేది. చిక్కుడు తీగ పందిరెక్కేలోపు ఎండాకాలమూ వానాకాలమూ వచ్చి, చూసి, వెళ్లిపోయేవి. పంట చేతికొస్తే ఉద్యోగం మానేద్దామని అతను, ఉద్యోగం మానేస్తే గానీ చేతికి రానని పంట. పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు అన్నట్టుగా ఉండేది వ్యవహారం.

ఫ్యాక్టరీలో అతన్ని రైతు అనేవారు. పొలాల దగ్గర ఫ్యాక్టరీ ఆయన. రెంటికీ చెడ్డ రేవడి అంటే తనేనని అనుకుని తనే నవ్వుకునేవాడు, కలిసి నవ్వడానికి ఆ అద్దె గదిలో ఇంకెవరూ లేరు కాబట్టి. గదిలో ఒక మంచం, ఒక స్టవ్వు, గోడకి అవతల ఎవరిదో రేడియో. పని నుంచి వచ్చాక పడుకునేదాకా ఆ రేడియో వింటూ కూర్చునేవాడు. ఒంటరితనమంతా అతని వాటాకే వచ్చింది. ఆమెకి అదంటే ఏమిటో తెలీదు. ఆమె బతికిన ప్రతి రోజూ మొగుడు ఇంట్లోనే ఉన్నాడు మరి.

అలా ఏళ్లు గడిచాయి, అంటే అతనికి గడిచాయి. జుట్టు నెరిసింది, కళ్లజోడు వచ్చింది, మోకాళ్లు మొరాయించాయి. పెళ్లినాటికి ఇద్దరిదీ ఇంచుమించు ఒకే వయసు. ఇప్పుడు అతను ముసలితనం గుమ్మంలో ఉన్నాడు, ఆమెకి ఇంకా ముప్పై నిండలేదు.

ఒక ఆదివారం కొత్తగా తిరుగుతున్న విత్తనాల వ్యాపారి గేటు దగ్గరికొచ్చి, "మీ నాన్నగారిని ఒకసారి పిలవండమ్మా" అన్నాడు. ఆమె పడీ పడీ నవ్వింది. నాన్నగారూ, మీ కోసం ఎవరో వచ్చారు అని కేకేసింది కూడా. అతనూ నవ్వాడు. ఆ సాయంత్రం బయల్దేరేటప్పుడు మాత్రం ఎప్పటిలా గట్టు మీద ఆగి వెనక్కి తిరిగి చూడలేదు.

ఆ వారమే ఫ్యాక్టరీలో ఆదివారం షిఫ్టుకి మనుషులు కావాలన్నారు. అందరికంటే ముందు అతనే చెయ్యెత్తాడు. సెక్షన్ చూసే పెద్దావిడ విస్తుపోయి మరి పొలం సంగతేమిటని అడిగితే, పొలానికేం, ఎక్కడికీ పోదు అన్నాడు. నిజంగా అతను అలాగే అనుకున్నాడు. తను వెళ్లకపోతే ఆమెకి నష్టం లేదు, ఆమెకది రెప్పపాటు. ఈ మొహం వేసుకుని ఆమె పక్కన తిరిగే బాధ తనకి తప్పుతుంది. సిగ్గుపడే మనిషికి సాకులు కొదవా? ఒక ఆదివారం మానేశాడు, తర్వాతిదీ మానేశాడు. మానేసేకొద్దీ ఇంకాస్త ముసలివాడయ్యాడు, ఇంకాస్త ముసలివాడయ్యేకొద్దీ వెళ్లడానికి మొహం చెల్లలేదు.

ఏడాది దాటింది. చలికాలంలో పట్టుకున్న దగ్గు ఎండలొచ్చినా వదల్లేదు. ఒకరోజు తూకం దగ్గరే కళ్లు తిరిగి కూలబడ్డాడు. ఫ్యాక్టరీ డాక్టరు గుండె మీద గొట్టం పెట్టి చాలాసేపు విని, ఇంట్లో ఎవరెవరున్నారని అడిగాడు. ఎవరూ లేరని నోరు జారాడు. ఆ మాట అన్నందుకు తర్వాత చాలా బాధపడ్డాడు.

కొద్దిరోజులకి దిగువ పొలం పెద్దాయన ఫ్యాక్టరీ బయట కాపు కాశాడు. కాలవ నీళ్లు ఇతని పొలంలోంచే ఆయన పొలానికి పారాలి. వారానికి ఒకసారి పారినా ఆయన ఇన్నాళ్లూ సర్దుకుపోయాడు. ఇప్పుడు ఏడాదిగా ఆ నీళ్లు ఇతని మళ్లలో కదలకుండా నిలబడిపోయాయి, తన పాదులన్నీ మాడిపోయాయి అని ఏకరువు పెట్టాడు. ఇతను తలొంచుకుని విన్నాడు. తిట్లన్నీ అయిపోయినా ఆయన వెళ్లలేదు.

"ఇంకో మాటయ్యా. మీ ఆవిడ గేటు దగ్గరే ఉంది. నీకు చెయ్యి ఊపుతూ ఉంది. ఎత్తిన చెయ్యి ఏడాదిగా దిగలేదు. చూడలేక మా ఇంట్లోవాళ్లు ఆ దారి మానేశారు."

ఇతను కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు.

"ఆమెకి నొప్పి తెలీదులే, అది నాకూ తెలుసు. కానీ నువ్వు చూస్తే ఇలా ఉన్నావు. రేపు నీకేదైనా అయితే ఆ చెయ్యి ఇంకెప్పటికీ దిగదు. అది ఆలోచించావా?"

ఆలోచించలేదు. చావంటూ వస్తే ఆ అద్దె గదిలో తనొక్కడికే వస్తుందని అనుకున్నాడు ఇన్నాళ్లూ.

ఆ శనివారం బస్సెక్కాడు. కాలవగట్టు మీద రెండుసార్లు కూర్చుని లేచాడు. దూరం నుంచే ఎత్తిన చెయ్యి కనిపించింది. గేటు తీశాడు. చెయ్యి దిగింది. కోడి కాలు నేల మీద పెట్టింది, మళ్లలో నీళ్లు కదిలాయి.

"ఏం మర్చిపోయారు?" అంటూనే ఆమె అతని మొహం చూసింది.

దగ్గరికొచ్చి కళ్లజోడు తీసింది. పూర్తిగా తెల్లబడ్డ జుట్టుని వేళ్లతో విడదీసి చూసింది. ఎన్నాళ్లయిందని అడిగింది. చెప్పాడు. ఎందుకని అడిగింది. విత్తనాలవాడి మాట పైకి అనడానికి సిగ్గేసి, ఆదివారం షిఫ్టుల సంగతి చెప్పాడు. ఆమె నమ్మలేదు. నమ్మించడం అతనికెప్పుడూ చేతకాదు.

"నీకేం తేడా లేదుగా, రెప్పపాటేగా" అన్నాడు చివరికి.

"నాకు రెప్పపాటే. ఆ రెప్పపాటులో నా మొగుడికి ఏడాది వయసు పోయింది. నన్నడిగి పోగొట్టారా దాన్ని?"

మేక పాలు పితికింది, గిన్నెలు నలుగురికీ వినపడేలా కడిగింది. అతను పెరట్లోకి వెళ్లి, పాదులు చూసుకుంటున్నట్టు నిలబడి ఏడ్చాడు. మర్నాడు ఇద్దరూ ఎప్పట్లాగే చిక్కుళ్లకి నీళ్లు పెట్టారు. దిగువ పొలం ఆయన చెప్పిన మాట అప్పుడు చెప్పాడు ఆమెకి. ఆమె తన కుడిచేతిని ఎవరిదో అన్నట్టు చూసుకుంది. మధ్యాహ్నం భోజనాల దగ్గర నోరు విప్పింది.

"సాయంత్రం బస్సుకి నేను వెళ్తాను."

"ఎక్కడికి?"

"మీ పనికి. మీరు లోపలుంటే పొలం నడుస్తుంది. నేను గేటు బయటుంటే నేనూ నడుస్తాను. ఇంత చిన్న సంగతి ఇన్నేళ్లూ మీకు తట్టలేదా?"

తట్టలేదు. కష్టమన్నది తన వంతు అనుకుని, ఆ కష్టాన్ని కాస్త గొప్పగా కూడా మోస్తూ వచ్చాడు. నీకెందుకు తట్టలేదు మరి అని ఉక్రోషంగా అడిగాడు.

"తీరిగ్గా ఆలోచించుకోవడానికి నన్నెప్పుడైనా ఒంటరిగా ఉండనిచ్చారా?" అంది.

అతను చెప్పాల్సినవన్నీ చెప్పాడు. నిలబడే పని, సబ్బు పొడికి తుమ్ములు, గదిలో గాలాడదు, అన్నిటికంటే ముందు అక్కడ వయసైపోతుంది. కానివ్వండి, నేనొక్కదాన్నే ఇలా పడుచుగా మిగిలిపోయి తర్వాత ఎవరి పక్కన ముసలిదాన్ని కావాలి అంది. అతను లేచి తన సంచి తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

పొద్దు వాలేవేళ ఆమె సంచి భుజాన వేసుకుని గేటు దాటింది. అతను లోపల నిలబడి, అన్నీ ఆగిపోతాయేమోనని ఊపిరి బిగబట్టాడు. కోడి ఎత్తిన కాలు దించి ఇంకో కాలు ఎత్తింది. నీళ్లు దిగువకి పారుతున్నాయి. గట్టు మలుపులో ఆమె వెనక్కి తిరిగి చూస్తే అతను చెయ్యి ఊపాడు. ఆమె కనుమరుగయ్యాక కూడా ఊపి, నొప్పెట్టి తనే దించుకున్నాడు.

మర్నాడు సోమవారం వచ్చింది. ఆ పొలం అంతకుముందెప్పుడూ సోమవారం చూడలేదు. కోళ్లు ఏదో తేడా పసిగట్టినట్టు గూటిలోంచి ఆలస్యంగా దిగాయి. అతను ఏం చెయ్యాలో తోచక కాసేపు పందిరి కింద నిలబడ్డాడు, తర్వాత గడ్డి పీకాడు, తర్వాత పీకిన చోటే మళ్లీ వెతికాడు. మంగళవారానికి చిక్కుడు పూత విచ్చుకుంది. శుక్రవారానికి పువ్వుల చోట గోరంత పిందెలు కనిపించాయి. ఒక్క వారంలో అంత జరగడం అతను ఎప్పుడూ చూడలేదు. చూడమని చూపించడానికి పక్కన మనిషి లేదు. మేకకి చూపించాడు. దిగువ పొలం పెద్దాయన గట్టు మీద నిలబడి నీళ్లు బాగా అందుతున్నాయని చెప్పి, ఇతని ఒంటరి అవతారం చూసి, కాసేపు ఊరికే కూర్చుని వెళ్లాడు.

శనివారం సాయంత్రం అతను అరుగు మీద కూర్చుని ఉండగా గేటు చప్పుడైంది. ఆమె ఒంటికి ఆ పూల వాసన పట్టేసింది. కళ్ల కింద నలుపు, పాదాలు వాచి చెప్పుల్లో పట్టడం లేదు. ఫ్యాక్టరీలో మనిషి మారినందుకు ఎవరూ ఏమీ అనలేదని, ఏప్రన్ పొడుగైందని సెక్షన్ పెద్దావిడ పిన్నీసు పెట్టిచ్చిందని చెప్పింది. చెబుతూ చెబుతూ ఆగిపోయింది. సంచి కింద పెట్టి, చాలా రోజుల తర్వాత చూస్తున్నట్టు అతని మొహంలోకి చూసింది. చాలా రోజుల తర్వాతే చూస్తోంది.

"వారం ఇంత పొడుగుంటుందా?" అంది. "ఇన్నేళ్లలో నాకు ఒక్కసారైనా చెప్పలేదేం?"

అతను అరుగు మీద పక్కకి జరిగి ఆమెకి చోటిచ్చాడు.