నిప్పు కానరాని పొగ

సూర్యుడు సముద్రగర్భమునుండి నేరుగా వెలువడి తెప్పల తెరచాపలకు కుంకుమవర్ణము నద్దుచు తడియిసుకపై పీతలు గీచిన వంకరగీతల నెల్ల బంగరునీట ముంచుచున్న వైశాఖమాసపు ప్రభాతమున గంగవానిపాలెమను పల్లెకారుల యూరినుండి చేపల నమ్ముటకు బయలుదేరిన స్త్రీలు నెత్తిన గంపలతో బారులుదీరి నడచుచుండిరి. వారి ముఖములనుండి నీలధూమరేఖలు వెడలుచుండెను గాని యెవ్వరి పెదవులయందును నిప్పు కానరాకుండెను. ఏలయన నిప్పు వారి నోటిలోపల నుండెను.

దీనిని వారు అడ్డపొగ యందురు. చుట్టను వెలిగించి మండుకొనను నోటిలోనికి ద్రిప్పి పెదవులు బిగించి పీల్చుట యీ విద్య. ఇట్లు త్రాగినచో కడలిగాలికి చుట్ట యారదు. రెండుచేతులును గంపను బట్టియున్నను బూడిద చీరపై రాలదు. ఆకలియు నంతగా దెలియదు.

ఆ పల్లెలో నీ విద్యకు గురుస్థానము దేముడమ్మది. డెబ్బదియెనిమిదేండ్లు నిండినను వెన్ను వంగక మాట జంకక తిరుగు నా వృద్ధ తన పదియవయేటనుండియు దినమునకు నాలుగైదు చుట్టలు నోటనే కాల్చి బూడిద చేసినది. ఆమెకు పైడితల్లి యొక్కతెయే కోడలు. పదునాఱేండ్ల ప్రాయమున కాపురమునకు వచ్చిన పైడితల్లి పంటినొప్పితో మూడుదినములు కూడులేక యేడ్చుచుండగా దేముడమ్మ యామె తలను తన తొడపై నిడుకొని తన చుట్టనే త్రిప్పి యామె నోట నుంచి పీల్చుమనెను. నొప్పి తగ్గెను. తల్లిలేని యా పిల్లకు నాటినుండి యత్తయే తల్లి యయ్యెను. చుట్టయు విడువరాని చుట్ట మయ్యెను.

ఇరువదినాలుగేండ్లు గడచెను. ఒకనాడు పులుసుకూడు నోటబెట్టుకొన్న పైడితల్లికి అంగిలి భగ్గున మండెను. నాలుకతో తడవిచూడగా కందిగింజంత పుండు తగిలెను. ఆమె యత్తతో జెప్పెను. కోడలిని ప్రాణసమానముగా జూచుకొను నా వృద్ధ తా నెఱిగిన యొక్క మందును జెప్పెను.

"పుండును పొగ మాడ్చునే అమ్మీ. ఒకటి త్రాగుచోట రెండు త్రాగుము."

పైడితల్లి రెండు త్రాగెను.

ఆ వైశాఖముననే పట్టణమునుండి పరాంకుశము అను దంతవైద్యుడు చిన్నయద్దమును దీపమును దీసికొని వచ్చి వలలపాకలో గూర్చుండి అడ్డపొగ త్రాగువారి నోళ్లు పరీక్షించెదనని చాటింపు వేయించెను. పదునలుగురు స్త్రీలు బిడియపడుచు వరుసగా నిలిచిరి. చీరచెఱగు ముఖమునకు గప్పుకొని పైడితల్లియు వారిలో మూడవదిగా నిలిచెను. కోడలిని వెదకికొనుచు వచ్చిన దేముడమ్మ సంగతి విని నవ్వి అందఱిని ద్రోసికొని ముందునకు బోయి పీటపై గూర్చుండి నోరు తెఱచెను.

ఎన్నేండ్లనుండి త్రాగుచున్నావని వైద్యు డడిగెను.

"నీ తండ్రి పుట్టకమునుపటి నుండియు బాబూ."

అంగిలి తెల్లబారి యెఱ్ఱచుక్కలు దేలియుండెను గాని పుండు లేదు. వైద్యుడు సత్యవాది. ఉన్నమాటయే చెప్పెను. దేముడమ్మ వెనుకకు దిరిగి స్త్రీలతో నిట్లనెను.

"వింటిరటే? అరువదియెనిమిదేండ్లు నిప్పు మ్రింగిన నోరిది. దీనికి రాని రాచపుండు మీ పాలనోళ్లకు వచ్చునా? ఈ బాబున కద్దము క్రొత్తది. మన మూతులు చూచుకొని మురియుచున్నాడు."

పాక యంతయు నవ్వెను. వైద్యుడు నవ్వక నెమ్మదిగా నొక ప్రశ్న వేసెను.

"అవ్వా, నీతో గూడ నీ విద్య నేర్చిన చెలులెందఱు? వారిలో నేడెందఱున్నారు?"

"ఎవరి రోగముతో వారు పోయిరి. కావలసినచో లేపి యడుగుము బాబూ."

మఱల నవ్వులు చెలరేగెను. వరుస చెదరెను. అద్దమునకు రెండడుగుల దూరమున పైడితల్లి యొక్కతెయే నిలిచియుండెను. ఆమె యద్దమును జూచెను. అత్తను జూచెను. దేముడమ్మ యామె భుజముపై జేయివైచి ఎండ ముదిరినచో చేపలు చెడునని చెప్పి వెంటబెట్టుకొని పోయెను.

భాద్రపదమునాటికి అంబలియు మ్రింగుడు పడదయ్యెను. త్రాగిన నీరు ముక్కున వెడలుచుండెను. భర్తయైన ఎర్రయ్యయు నత్తయు నామెను పట్టణపు టాసుపత్రికి గొనిపోయిరి. పరాంకుశము చూచి క్యాన్సరు అంగిలిని దొలిచికొని ముక్కువఱకు బ్రాకినదనియు నిక శస్త్రమునకు లొంగదనియు జెప్పెను. నిప్పే ప్రధానదోషి యనియు ఆకుకూరలును పండ్లును ఎఱుగక యెండుచేపతో వెళ్లబుచ్చిన శరీరము దానిని జక్కగా నెదిరింపలేకపోయి యుండవచ్చుననియు వివరించెను. పిమ్మట రోగి ముఖము గుర్తించి ఆనాడు వరుసలో నిలిచియు నోరేల చూపవైతివమ్మా యని యడిగెను.

మాటరాని పైడితల్లి చేతితో సైగ చేసెను. అప్పటికి పుండు లేదని యా సైగకు అర్థము. ఎర్రయ్య నమ్మెను. అది యబద్ధమని యెఱిగినది ఆ గదిలో దేముడమ్మ యొక్కతెయే. ఎవరికొఱకు ఆ యబద్ధము పుట్టెనో యెఱిగినదియు నామెయే.

మాఘమున పైడితల్లి గతించెను.

పెద్దకర్మము ముగిసిన మఱునాడు దేముడమ్మ తీరమున గూర్చుండి యలవాటుచొప్పున చుట్ట వెలిగించి నోట ద్రిప్పుకొని వైద్యుని ప్రశ్నకు జవాబు వెదకసాగెను. ముత్తెమ్మ మూడునెలలు కూడు మ్రింగలేక పోయెను. బంగారి నోటివాసనకు తాళలేక యింటివారు మంచము చూరుక్రిందికి దెచ్చిరి. గౌరికి సోకినది గ్రామదేవత కోపమనిరి. ఒక్కొక్క వ్రేలిని మడచుచు బోగా తనతో నేర్చిన తొమ్మండ్రలో ఆర్గురు నోటిరోగముతోనే పోయిరని తేలెను. ఏడవవ్రేలు కోడలిది. దానిని మడచుటకు ఆమె చేయి రాలేదు. ఆమె చుట్టను వెలికిదీసి తొలిసారిగా జూచునట్లు దాని మండుకొనను జాలసేపు చూచి తడియిసుకలో గ్రుచ్చెను.

మఱుసటి వైశాఖమున వైద్యుడు వచ్చి వలలపాకలో గూర్చుండెను. ఒక్కరును లోనికి రారైరి. దేముడమ్మ వచ్చి వాకిట నిలిచెను. ఒకతె నవ్వుచు ముందు నీ నోరు చూపుమత్తా నీకు లేనిచో మాకును లేనట్లే యనెను.

"నా నోరు చూడకుడు. ఒడ్డు చేరిన తెప్పయే కడలి మంచిదని చెప్పును. మునిగిన తెప్పలకు నోరు లేదు. నా కోడలికి నోరుండగా నేనే మూయించితిని."

ఎవ్వరును నవ్వలేదు. ఒకతె లోనికి బోయెను. ఆమె వెనుక మఱియొకతె. అయిదవదియైన చిట్టెమ్మ యను పడుచు నోట కందిగింజంత పుండు కనబడెను. ఇంకను సమయమున్నదని వైద్యుడు చెప్పగా దేముడమ్మ యామె చేయి పట్టుకొని పట్టణపుబస్సు కొఱకు దారివెంట నడచెను.

ఎదుట గంపలతో స్త్రీలు వచ్చుచుండిరి. వారి ముఖములనుండి నీలధూమరేఖలు వెడలుచుండెను. ఎవ్వరి పెదవులయందును నిప్పు కానరాకుండెను. దేముడమ్మకు మాత్రము ప్రతిముఖమునందును అదియే కానవచ్చుచుండెను.