మూడో గీత

ఆ రోజు చేయాల్సిన పనులు ఇవి:

గీతలు గీసిన అట్టలు బస్సులో నలగకుండా ఊరికి చేర్చాలి.
మహబూబ్ బాషా మామ టెంట్ హౌస్ నుంచి కుర్చీలు తేవాలి.
ఆరుగురికి అబద్ధం చెప్పడం నేర్పాలి. ఏడో మనిషికి ఆ సంగతి తెలియకూడదు.
గ్రామసభ మొదలయ్యేలోపు పని ముగించి, కుర్చీలు సభకు వదిలేయాలి.
సభకు పోయే నాయనకు తెల్లచొక్కా ఇస్త్రీ చేయాలి.

చొక్కా పని తప్ప మిగిలినవన్నీ నా ఎమ్మెస్సీ సైకాలజీ ప్రాజెక్టువే. పదిమంది ఒక మాటంటే, కళ్లెదుట కనిపిస్తున్నదాన్ని కూడా కాదని మనిషి వాళ్లతో ఎందుకు గొంతు కలుపుతాడు? ఇదీ నా ప్రశ్న. ప్రయోగం పాతదే. ఒక అట్ట మీద ఒక గీత, ఇంకో అట్ట మీద మూడు. మొదటి గీతతో సమానమైనది ఆ మూడింటిలో ఏదో చెప్పాలి. చిన్నపిల్లలైనా చెప్పగలరు. కానీ నేర్పిపెట్టిన ఆరుగురూ వరసగా తప్పు చెబుతారు. అది విన్నాక చివరి కుర్చీలోని ఏడో మనిషి ఏమంటాడన్నదే పరీక్ష.

ప్రొద్దుటూరులో, పులివెందులలో సాఫీగా జరిగింది. ఏడో కుర్చీలో కూర్చున్నవాళ్లలో చాలామంది తడబడి తప్పే చెప్పారు. అయితే ఆరుగురిలో ఒక్కరి చేత నిజం చెప్పిస్తే చాలు, ఏడో మనిషికి ధైర్యం వచ్చేది. ఒక్క తోడు దొరికితే మనిషి నిలబడతాడు.

మూడోది జమ్మలమడుగు దగ్గర మా ఊరు. గొర్లకాపరుల ఇళ్లలో డిగ్రీ చదివిన మొదటిదాన్ని నేనే కాబట్టి, అడగ్గానే పంచాయతీ గది ఇచ్చారు. ఏడో కుర్చీలో మా వీధి పెద్దసుబ్బమ్మవ్వను కూర్చోబెట్టాను. మొగుడు పోయినాక మందను ఒక్కతే మేపుకుంటోంది.

అట్టలు పైకెత్తేలోపే రఘునాథరెడ్డి వచ్చాడు. ఊళ్లో పెద్ద రైతు. ఆయన మాటే పంచాయతీ మాట. సభకు ముందే వచ్చినట్టున్నాడు. నేను నేర్పిపెట్టిన ఆరుగురూ ఒక్కసారిగా లేచి, మొదటి కుర్చీ ఖాళీ చేసి, తలా ఒక కుర్చీ వెనక్కి జరిగితే, అవ్వ చివర ఇంకో కుర్చీలోకి జరిగింది. పెద్దమనిషికి ముందు కుర్చీ ఇవ్వడం మా ఊళ్లో ఒకరు నేర్పితే వచ్చే విద్య కాదు. ప్రయోగం రాసుకునేటప్పుడు అది నాకు తట్టనేలేదు.

"ఏందిమ్మే స్వర్ణలతా, కంటి పరీక్షా?" అని నవ్వి కూర్చుని, సమానమైన గీత ఏదంటూ నేనెత్తిన అట్టల కేసి చూశాడు. "రెండోది."

సరైనది మూడోది. నేను నా వాళ్లకు చెప్పమన్న తప్పు ఒకటోది. నా ఆరుగురిలో మొదటివాడైన బాషా మామ నన్ను చూశాడు, రెడ్డిని చూశాడు.

"రెండోది," అన్నాడు.

మిగిలిన ఐదుగురూ అదే మాట.

పెద్దసుబ్బమ్మవ్వ ముందుకు వంగి చూసింది. "మూడోది. ఏమైందప్పా మీ కండ్లకు?"

రెడ్డి జేబులోంచి అద్దాలు తీసి పెట్టుకున్నాడు. "అవునే, మూడోదే! నేనంటే అద్దాలు పెట్టుకోల్యా. నీకేమొచ్చింది బాషా?"

"నువ్వు చెప్పినాక మళ్లా మేం చూసేదేముంది రెడ్డన్నా!"

అందరూ పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను.

అవే కుర్చీల్లో సభ మొదలైంది. జనం గది నిండా చేరారు. కొండ కింది మేత బీడును సోలార్ పలకల కంపెనీకి ఇచ్చే తీర్మానాన్ని రెడ్డి చదివాడు. మా మందలన్నిటికీ మేత అక్కడే. అది పోతే గొర్లను అమ్ముకోవడమే.

"అందరికీ సమ్మతమే గదా? చేతులెత్తండి. లెక్కపెట్టేదాకా దించొద్దు."

చేతులు లేచాయి. గొర్లున్నవాళ్లవి కూడా. తెల్లచొక్కాలో మా నాయనది కూడా.

"నేనొప్పుకోను," అంది పెద్దసుబ్బమ్మవ్వ లేచి నిలబడి.

"ఊరంతా ఒక దిక్కు, నువ్వొక్కదానివి ఒక దిక్కా?"

"ఇందాక కూడా ఊరంతా ఒక దిక్కే గదా రెడ్డీ! నా గొర్లు నీ పలకలు మేసి బతుకుతాయా?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. "కూచోమ్మే! ఎవరికీ లేని బాధ నీకేంది?" అన్నారు వెనక నుంచి. "ఒకరు తప్ప అందరూ ఒప్పుకున్నారని రాసుకోప్పా," అన్నాడు రెడ్డి పంచాయతీ కార్యదర్శితో.

ఆమె కూర్చోలేదు. కానీ కుర్చీ వీపును గట్టిగా పట్టుకుని, మా ముఖాల్లో దేనికోసమో వెతికింది. ఆ చూపు నాకు తెలుసు. ప్రొద్దుటూరులో చూశాను, పులివెందులలో చూశాను. తోడు కోసం వెతికే చూపు అది.

నేను లేచాను. నాయన నా చున్నీ పట్టి లాగాడు.

"కూచో పాపా. రేపు ఈ ఊర్లోనే బతకల్ల మనం."

"బతకడానికే నాయనా." చున్నీ విడిపించుకుని కార్యదర్శి వైపు తిరిగాను. "నేనూ ఒప్పుకోను. ఇద్దరని రాయండి."

ముందు బాషా మామ చెయ్యి దించాడు. "మూడో గీత నాకూ కనపడిందిలే పాపా," అన్నాడు తల వంచుకుని. ఆ వెనక ఆరుగురిలో ఇంకొకరైన పెంచలమ్మత్త దించింది. తర్వాత గొర్లున్నవాళ్లు ఒక్కొక్కరూ దించారు. మా నాయన చెయ్యి ఎప్పుడు దిగిందో నేను చూడలేదు. తిరిగి చూసేసరికి ఒళ్లో ఉంది.

"మళ్లా సభలో చూద్దాంలే," అని రెడ్డి కాగితం మడిచి పోయాడు. మళ్లీ తెస్తాడు. తేనీ. మేమూ వస్తాం.

వరస చెడింది కాబట్టి మా ఊరి ఫలితాలు తీసేయమని మా గైడ్ సార్ చెప్పారు. తీయలేదు. వేరే అధ్యాయంగా పెట్టాను. మార్కులు తగ్గితే తగ్గనీ. కానీ పాల్గొన్నవాళ్ల పేర్లు రాయకూడదన్న నిబంధన మాత్రం పాటించాల్సి వచ్చింది. అందులో ఆమె ఉత్త 'ఏడో మనిషి'.

ఇక్కడ ఆ నిబంధన లేదు. ఆమె పేరు పెద్దసుబ్బమ్మ. మీ చుట్టూ అందరి చేతులూ పైకి లేచినప్పుడు, మీ చెయ్యి ఎత్తేముందు, దయచేసి ఆమెను గుర్తు చేసుకోండి.