సున్నపు గీతల ఇల్లు

“వంటింటికి అంత చోటెందుకు? నువ్వొక్కదానివేగా ఉండేది!” అన్నారు మా ఆయన, సున్నం డబ్బా వంచి నేల మీద గీత గీస్తూ.

మాది నలభై అద్దె కుటుంబాల సంఘం. ఎవరికి వారు ఇల్లు కొనడం జరగని పని కాబట్టి, అందరం కలిసి ఊరి చివర స్థలం తీసుకున్నాం. దాన్ని నలభై ముక్కలు చేస్తే ఒక్కో ఇంటికి పిడికెడు చోటు మిగిలింది. ఇళ్ళు కట్టించే ఇంజినీరమ్మాయి పెట్టిన షరతు ఒకటే. ఎవరిల్లు వాళ్ళు అసలు కొలతల్లో సున్నంతో గీసుకుని, అరగంట అందులో కాపురం చేసి చూడాలి. సాయంత్రానికి ఏ గీత ఉంటే రేపు అక్కడే పునాది తవ్వుతారు. ఆ తర్వాత మార్చడం ఎవరి తరమూ కాదు.

మా ఆయన గీసిన ఇల్లు చూడముచ్చటగానే ఉంది. స్నేహితులొస్తే కూర్చోవడానికి పెద్ద హాలు, అందులో ఒక మూల మా అత్తగారి మంచం, పక్కన పడకగది. మిగిలిన సందులో వంటిల్లు. నాకు ఒళ్ళు మండింది. పన్నెండేళ్ళుగా బట్టల కంపెనీలో కత్తిరింపు బల్ల దగ్గర పనిచేస్తున్నాను. చాలీచాలని గుడ్డలో చొక్కా తీయడం నా పని. అలా మిగిల్చిన గుడ్డను మా సూపర్‌వైజరు తన తెలివిగా చెప్పుకుంటాడు, అది వేరే సంగతి. ఇంటికొస్తే “నీకు కొలతలేం తెలుసు” అనే మాట ఉండనే ఉంది. అద్దెకున్న మూడిళ్ళలోనూ నేను నిలబడే తిన్నాను. అందరివీ అయ్యాక కాస్త నడుం వాల్చుదామంటే, ఎక్కడ చూసినా ఎవరిదో ఒకరి పక్క పరిచి ఉండేది. నాకూ ఒక చోటు కావాలని అడగడానికి ఇన్నేళ్ళూ సిగ్గుపడ్డాను, ఎంత వెర్రిదాన్ని!

“ఇక కాపురం మొదలుపెట్టండి,” అంది ఇంజినీరమ్మాయి. నేను వంటింట్లోకి వెళ్ళబోతే ఆపేసింది. “మీరు కాదక్కా. గీసినవాళ్ళే వండాలి.”

మా ఆయన నవ్వుకుంటూ వెళ్ళారు. లేని పొయ్యి వెలిగించారు. కింద లేని గిన్నె అందుకుందామని వంగారు. అంతే, ఆయన వెనక భాగం గీత దాటి నేరుగా పక్కింటివాళ్ళ పడకగదిలోకి వెళ్ళిపోయింది.

“అన్నయ్యగారూ, తలుపు కొట్టి రావాలండీ!” అని అరిచింది పక్కింటావిడ.

గోడలు లేని ఇళ్ళు కదా, నలభై కుటుంబాలూ గొల్లున నవ్వాయి. మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి. కాసేపటికి ఆయనకీ నవ్వాగలేదు.

“సరే తల్లీ, నువ్వే గియ్యి చూద్దాం,” అని డబ్బా నా చేతికిచ్చారు.

చీపురు తెచ్చి ఆయన గీతలన్నీ చెరిపేశాను. ఉన్న గుడ్డ ఇంతే అనుకున్నాను. పక్కింటావిడతో మాట్లాడి, బట్టలుతికే చోటు రెండిళ్ళకీ కలిపి వెనకాల ఒక్కటే ఉంచాం. హాలు కొంచెం తగ్గించాను. వంటింట్లో ఇద్దరు మనుషులు తగులుకోకుండా తిరిగేంత చోటు వచ్చింది. ఇంకా కిటికీ పక్కన నిలువుగా ఒక ముక్క మిగిలింది. నాకైతే ఎగిరి గంతేయాలనిపించింది.

“అక్కడ బీరువా పెట్టొచ్చు,” అన్నారు మా ఆయన.

“పాత సామానంతా పడుతుంది,” అన్నారు మా అత్తగారు.

చెప్పులు విడిచి ఆ ముక్కలోకి వెళ్ళాను. పట్టపగలు, అంతమంది చూస్తుండగా, వెల్లకిలా పడుకున్నాను. నేల వెచ్చగా ఉంది. పెళ్ళయ్యాక వెలుతురుండగా నేను పడుకోవడం అదే మొదలు.

అత్తగారు గాభరాగా పరిగెత్తుకొచ్చారు. “ఇదేంటే, అందరూ చూస్తున్నారు! లే!”

“నా ఇంట్లో పడుకున్నానత్తయ్యా,” అన్నాను.

ఆవిడ నన్నూ, చుట్టూ ఉన్న గీతల్నీ మార్చి మార్చి చూశారు. చెప్పులు విడిచారు. మోకాళ్ళు పట్టుకుని మెల్లగా నా పక్కన చతికిలబడ్డారు.

“కాస్త జరుగు,” అన్నారు.